గ్విన్నెట్ ఓటర్లు ఎవరి సొత్తు?

"అమెరికా పోయిన తెలుగువాడు తెలుగులో ఓటుపత్రం అడుగుతున్నాడా? ఇంగ్లీషు నేర్చుకొని, ఆ దేశపు తీరులో ఒదిగి బతకడం లేదా? మరి హొసూరులోనో బళ్ళారిలోనో బరంపురంలోనో ఉన్న మీకెందుకీ రాద్ధాంతం?"

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. రాష్ట్రభాష పేరిట మనలను కలిపివేసుకోదలచినవారు అడుగుతారు. అధికారులు అడుగుతారు. పై చదువులు చదివిన మన ఇంటి పిల్లలే సెలవులకు వచ్చినప్పుడు అడుగుతారు. అడిగేవారి గొంతులో ఒక ధీమా ఉంటుంది. అమెరికా అన్న మాట పడగానే వాదం ముగిసినట్లే అనుకొంటారు. నుడి గొడవ లేని దేశమనీ, అందరూ ఇంగ్లీషులో ఓటు వేసి హాయిగా ఉన్నారనీ, అందుకే అది బాగుపడినదనీ వారి నమ్మకం.

ఆ నమ్మకానికి సాక్ష్యం లేదు. సాక్ష్యం లేని వాదాన్ని పదేపదే వినిపించేవారికి సాక్ష్యంతోనే బదులు చెప్పవలె. అందుకే అమెరికా అంతటినీ కాక, ఒక్క నగరపు శివారును మాత్రం తీసుకొని, అక్కడివారు యాభై ఏండ్లుగా ఎవరికి ఓటు వేశారో, ఎందుకు వేశారో, ఏ నుడిలో వేశారో చూడవలసిందిగా పాఠకులకు మనవి.

జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాకు ఈశాన్యాన గ్విన్నెట్ కౌంటీ ఉన్నది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది. 1818లో ఏర్పడినది. ముఖ్యపట్టణం లారెన్స్‌విల్. నార్‌క్రాస్, డులూత్, సువానీ, లిల్బర్న్, స్నెల్విల్ అందులోని ఊళ్ళు. 1970లో అక్కడి జనాభా 72 వేలు మాత్రమే. 1990కి మూడున్నర లక్షలు దాటినది. 2000లో 5 లక్షల 88 వేలు, 2020లో 9 లక్షల 57 వేలు. 1990లో పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవారు. 2020 నాటికి స్పానిష్ మూలాలు లేని తెల్లవారు మూడింట ఒక వంతుకు తగ్గిపోయారు. నల్లవారు సుమారు 27 శాతం, స్పానిష్ మూలాలవారు 23 శాతం, ఆసియా ఖండం నుండి వచ్చినవారు 13 శాతం అయినారు. ఇండ్లలో ఇంగ్లీషు కాని నుడి మాట్లాడేవారు మూడింట ఒక వంతుకు మించి ఉన్నారు. ఒక తరంలో ఇంత మారిన శివారులు ఆ దేశంలోనూ అరుదే.

ఇక ఓటు సంగతి. 1976లో జిమ్మీ కార్టర్ సొంత రాష్ట్రం గనుక జార్జియాలోని అన్ని కౌంటీలనూ గెలిచాడు, గ్విన్నెట్‌తో సహా. ఆ తరువాత 1980 నుండి 2012 వరకు జరిగిన ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ గ్విన్నెట్ రిపబ్లికన్ పార్టీకే ఓటు వేసినది. నార్‌క్రాస్ గుండా పోయే పెద్ద రోడ్డుకు జిమ్మీ కార్టర్ పేరు పెట్టుకొన్నారు గాని, ఆయన పార్టీని మాత్రం ఆ కౌంటీ గడప తొక్కనివ్వలేదు. 2004లో జార్జి బుష్‌కు సుమారు 66 శాతం ఓట్లు వచ్చాయి. 2012లో మిట్ రామ్నీకి 54 శాతం. 2016లో ఆ కోట బీటలు వారినది. దేశంలో ట్రంప్ గెలిచిన ఆ ఏడు, గ్విన్నెట్‌లో హిలరీ క్లింటన్‌కు సుమారు 19 వేల ఓట్ల ఆధిక్యం వచ్చినది. 2018 గవర్నరు ఎన్నికలో స్టేసీ ఏబ్రమ్స్‌కు ఇక్కడ 56 శాతం పడినది, రాష్ట్రంలో ఆమె ఓడిపోయినా. 2020లో జో బైడెన్ ఆధిక్యం ఇక్కడ 75 వేలు. రాష్ట్రం మొత్తం మీద ఆయన గెలిచినది 11,779 ఓట్లతో. 2024లో రాష్ట్రం తిరిగి ట్రంప్ వైపు పోయినా గ్విన్నెట్ కమలా హారిస్ వైపే నిలిచినది.

ఈ అంకెలను చూసి రెండు కథలు అల్లుతారు. మొదటిది ఓడినవారి కథ: బయటివారు వచ్చి మన కౌంటీని ఎత్తుకుపోయారని. రెండవది గెలిచినవారి కథ: వలసవచ్చినవారు పెరిగితే ఓట్లు తమంతట తామే మా సంచిలో రాలుతాయని. మన తెలుగు పత్రికలూ, అక్కడి సంఘాల సంచికలూ మూడవ కథ ఒకటి చేర్చాయి: జార్జియాను గెలిపించినది మనవాళ్ళేనని. మూడూ ఒకే తప్పు మీద నిలబడి ఉన్నాయి. మనిషి పుట్టుకను చూస్తే అతని ఓటు తెలిసిపోతుందన్నదే ఆ తప్పు. మన సరిహద్దు జిల్లాలలో ఈ తప్పుకు ఎంత వెల చెల్లించామో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎన్నికల ముందు "తెలుగు ఓట్లు ఎన్ని?" అని లెక్కలు కట్టి, ఎన్నికలైన మరునాడు తెలుగు బడికి ఉపాధ్యాయుడు ఎందుకు లేడని అడిగితే మొగము చాటువేసేవారు అన్ని పార్టీలలోనూ ఉన్నారు.

పక్క కౌంటీని చూడండి. గ్విన్నెట్‌ను ఆనుకొని ఫోర్సైత్ కౌంటీ ఉన్నది. 1912లో నల్లవారిని దౌర్జన్యంగా తరిమివేసి, తరువాత దశాబ్దాల తరబడి తెల్లవారి కౌంటీగానే మిగిలిన చోటు అది. 1987లో పౌరహక్కుల ఉద్యమకారులు అక్కడ ఊరేగింపు తీస్తే రాళ్ళు పడ్డాయి. వారం తరువాత ఇరవై వేలమంది నడిచారు. 1990లో 44 వేల జనాభా ఉన్న ఆ కౌంటీ 2020లో 2 లక్షల 51 వేలకు పెరిగినది. ఆసియావారు సుమారు 18 శాతం, అంటే గ్విన్నెట్‌లోకంటె ఎక్కువ. వారిలో పెద్ద భాగం భారతీయులు, అందులో తెలుగు కుటుంబాలు చెప్పుకోదగినన్ని. మరి అక్కడి ఓటు? 2012లో రామ్నీకి 80 శాతం, 2020లో ట్రంప్‌కు 66 శాతం. తగ్గినది నిజమే. కాని కోట కోటగానే ఉన్నది. ఫోర్సైత్, ఫుల్టన్, గ్విన్నెట్ కౌంటీల ముక్కలు కలిపి చేసిన 48వ సెనేట్ నియోజకవర్గంలో 2024లో అశ్విన్ రామస్వామి అనే భారతీయ మూలాల యువకుడు డెమోక్రాట్ల తరఫున నిలబడి ఓడిపోయాడు. భారతీయుల ఇండ్లు ఎక్కువగా ఉన్న చోటే ఓడిపోయాడు. పుట్టుకే ఓటు అయితే ఇది జరగరాదు గదా!

ఇంకొక సంగతి. ఇల్లు ఉన్నంత మాత్రాన ఓటు ఉండదు. ఉద్యోగపు వీసాల మీద పోయిన మనవారు గ్రీన్‌కార్డు కొరకు ఏండ్ల తరబడి వరుసలో ఉన్నారు; ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వారిని ఆపుతున్నది. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత పౌరసత్వానికి మరి అయిదేండ్లు. పన్ను కట్టేవాడు, పిల్లలను బడికి పంపేవాడు, గుడి కట్టించేవాడు అయినా, ఓటర్ల జాబితాలో లేనివాడు ఎన్నికలో లేనట్లే. "మనవాళ్ళు గెలిపించారు" అని రాసే విలేఖరులు ముందు ఈ లెక్క వేయవలసింది.

గ్విన్నెట్ ఓటరు ఒకే చీటీ మీద రెండు విధాలుగా ఆలోచించగలడనడానికి రైలు తగాదాకంటె మంచి సాక్ష్యం లేదు. అట్లాంటా నగర రవాణా వ్యవస్థ మార్టాలో చేరాలా వద్దా అని 1971లో అడిగితే గ్విన్నెట్ వద్దన్నది. 1990లో మళ్ళీ వద్దన్నది. అట్లాంటా నుండి నల్లవారు వస్తారన్న భయమే నాటి వ్యతిరేకతలో ముఖ్యమని అక్కడివారే ఒప్పుకొంటారు. 2019 మార్చిలో, జనాభా అంతా మారిపోయిన తరువాత, మళ్ళీ అడిగారు. 54 శాతం వద్దన్నారు. 2020 నవంబరులో అదే చీటీ మీద బైడెన్‌కు 58 శాతం ఓట్లు వేసినవారు, బస్సులకూ రైళ్ళకూ పన్ను వేసే ప్రతిపాదనను సుమారు వేయి ఓట్ల తేడాతో తోసిపుచ్చారు. 2024లో మళ్ళీ తోసిపుచ్చారు. తెల్లవారి భయం అన్న పాత కారణం ఒక్కటే చాలదని ఇక్కడ తేలుతున్నది. కారు కొని, రోజూ గంట ప్రయాణం చేసి, అమ్మకపు పన్ను పెరిగితే నెల ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్కవేసుకొనే మధ్యతరగతి కుటుంబానికి ఏ రంగు ఉన్నా ఒక్కటే లెక్క.

అభ్యర్థుల సంగతీ అంతే. జార్జియా శాసనసభకు ఎన్నికైన తొలి కొరియన్ మూలాల సభ్యుడు బి.జె. పాక్ గ్విన్నెట్ నుండి 2010లో గెలిచాడు, రిపబ్లికన్‌గా. 2016లో అదే కౌంటీ నుండి శామ్ పార్క్ అనే కొరియన్ మూలాల యువకుడు గెలిచాడు, డెమోక్రాట్‌గా. 2022లో సూ హాంగ్ అనే కొరియన్ మూలాల మహిళ గెలిచినది, మళ్ళీ రిపబ్లికన్‌గా. బంగ్లాదేశ్‌లో పుట్టిన షేక్ రహమాన్ 2018లో రాష్ట్ర సెనేటుకు ఇక్కడినుండే పోయాడు. 2016లో ఎన్నికైన బ్రెండా లోపెజ్ జార్జియా శాసనసభలో తొలి లాటినా. వీరంతా ఎవరి జేబులోనూ పుట్టలేదు.

ఇప్పుడు మనకు ముఖ్యమైన మాటకు వస్తాను.

2016 డిసెంబరులో అమెరికా జనాభా లెక్కల శాఖ ఒక జాబితా ప్రకటించినది. అందులో గ్విన్నెట్ కౌంటీ పేరు ఉన్నది. జార్జియాలో ఆ జాబితాకు ఎక్కిన మొదటి కౌంటీ అదే. ఆనాటి నుండి గ్విన్నెట్ కౌంటీ తన ఓటుపత్రాన్ని, ఓటరు నమోదు పత్రాలను, ఎన్నికల ప్రకటనలను, పోలింగు కేంద్రంలోని సూచనలను ఇంగ్లీషుతోపాటు స్పానిష్‌లోనూ ఇవ్వవలె. ఇవ్వకుంటే కేంద్ర న్యాయశాఖ దావా వేయగలదు. 2021 జాబితాలోనూ గ్విన్నెట్ నిలిచినది.

"అమెరికాలో నుడి గొడవ లేదు" అన్నవారు ఈ చట్టం పేరు విన్నారా? 1965 నాటి ఓటుహక్కుల చట్టానికి 1975లో చేర్చిన 203వ సెక్షన్ ఇది. ఒక కౌంటీలో ఒకే నుడికి చెందిన వయోజన పౌరులలో ఇంగ్లీషు సరిగా రానివారు 5 శాతానికి మించినా, లేదా 10 వేలకు మించినా, వారిలో నిరక్షరాస్యత దేశపు సగటుకంటె ఎక్కువగా ఉంటే, ఆ నుడిలో ఎన్నిక జరపవలె. 10 వేల లెక్క 1992లో చేరినది. అయిదు శాతం రాని పెద్ద శివారు కౌంటీలకు ఆ లెక్కే దారి తెరిచినది. న్యాయవాదిగా ఈ సెక్షన్‌లో నాకు నచ్చినది దాని క్రియాపదం. "ఇవ్వవచ్చును" కాదు, "ఇవ్వవలెను". జిల్లా అధికారి మనసు కరగనక్కరలేదు. శాసనసభ్యుడు సిఫారసు చేయనక్కరలేదు. లెక్క తేలితే హక్కు పుట్టినట్లే.

ఈ హక్కును ఏ పార్టీ ఇచ్చినదని అడుగుతారా? 1975లో సంతకం చేసినది జెరాల్డ్ ఫోర్డ్. 1992లో పెద్ద బుష్. 2006లో మరి పాతికేండ్లకు పొడిగించినది చిన్న బుష్. ముగ్గురూ రిపబ్లికన్లే. 2006లో రెండు నుడుల ఓటుపత్రాలను తీసివేయాలని ప్రతినిధుల సభలో సవరణ తెచ్చినది కూడా రిపబ్లికనే, అది ఓడిపోయినది. 2016లో స్పానిష్ ఓటుపత్రం అచ్చువేయవలసి వచ్చిననాడు గ్విన్నెట్ కౌంటీ బోర్డులోని అయిదుగురూ రిపబ్లికన్లు. స్పానిష్ ఓటర్లలో ఎక్కువమంది తమకు ఓటు వేయరని వారికి తెలియదా? తెలుసు. అయినా అచ్చువేశారు. చట్టం ఆజ్ఞాపించినది గనుక. దయ మీద ఆధారపడిన భాషా సౌకర్యానికీ, చట్టం మీద నిలబడిన భాషా హక్కుకూ ఉన్న దూరం ఇదే. మన తావులలో మొదటిదే ఎక్కువగా చూశాము. ఒక కలెక్టరు తెలుగు నోటీసు వేయిస్తాడు, ఆయన బదిలీ అయితే నోటీసూ బదిలీ అవుతుంది.

ఆ దేశాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. అక్కడివారు తమంతట తాము ఉదారులని అనుకోవద్దు. 1990లలో ఇదే గ్విన్నెట్‌లోని నార్‌క్రాస్ ఊరిలో, అంగడి పలకల మీది మాటలలో 75 శాతం ఇంగ్లీషే ఉండవలెనన్న ఊరి శాసనం ఉండేది. స్పానిష్ అంగళ్ళవారి మీద, కొరియన్ చర్చి మీద ఊరి అధికారులు పడ్డారు. 60 శాతం కన్నడం లేని పలకల కొరకు 2024లో కర్ణాటక చేసిన చట్టాన్ని చూసినవారికి ఈ కథ పొరుగింటి కథలాగే తోస్తుంది. జార్జియా రాష్ట్రం 1996లో ఇంగ్లీషును అధికారభాషగా చట్టం చేసుకొన్నది. 2025 మార్చి 1న ట్రంప్ దేశమంతటికీ ఇంగ్లీషే అధికారభాష అని ఉత్తర్వు ఇచ్చాడు. కాని అధ్యక్షుని ఉత్తర్వు కాంగ్రెసు చేసిన చట్టాన్ని రద్దుచేయలేదు. 203వ సెక్షన్ 2032 వరకు నిలిచే ఉన్నది. ఆ ఏడు దానికోసం మళ్ళీ పోరాడవలసి ఉన్నది.

చట్టం ఉన్నంత మాత్రాన ఓటు పెట్టెలో పడదు కూడా. 2018లో జార్జియాలో సుమారు 53 వేల ఓటరు దరఖాస్తులు మూలపడ్డాయి. కారణం, దరఖాస్తులోని వివరాలు సర్కారు రికార్డులతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవలెనన్న నిబంధన. పేరులో ఒక అక్షరం, ఒక గీత తేడా ఉంటే చాలు. అందులో ఎక్కువమంది నల్లవారు. మన పేర్లను తమిళ లిపిలోనో ఒడియా లిపిలోనో రాసి, దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, చివరకు రేషను కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఒక పేరు, బడి పత్రంలో ఒక పేరు మిగిల్చిన గుమాస్తాలను ఎరిగినవారికి ఆ 53 వేలమంది బాధ వివరించనక్కరలేదు. అదే ఏడు గ్విన్నెట్‌లో తపాలా ఓట్లు పెద్ద ఎత్తున తిరస్కరించారు. కవరు మీద పుట్టిన సంవత్సరం రాయలేదని, తప్పు రాశారని కొట్టివేశారు. అంతమాత్రాన ఓటు పనికిరాకపోదని, వాటిని లెక్కించవలెనని ఫెడరల్ న్యాయస్థానం 2018 నవంబరులో ఆదేశించినది. ఓటరు తనకు ఇంగ్లీషు చదివిపెట్టడానికి బంధువునో, అదే పోలింగు కేంద్రపు ఓటరునో మాత్రమే తెచ్చుకోవలెనన్న రాష్ట్ర నిబంధన మీద కూడా దావా పడినది. 1982 నుండి ఉన్న 208వ సెక్షన్ ప్రకారం, యజమానినో యూనియను ప్రతినిధినో తప్ప, తనకు నచ్చిన ఎవరినైనా సాయం తెచ్చుకొనే హక్కు ఓటరుకు ఉన్నది. ఆ డిసెంబరు మలివిడత ఎన్నికకు రాష్ట్ర నిబంధన ఆగిపోయినది. ఇవన్నీ ఎవరో ఒకరు కోర్టు మెట్లు ఎక్కినందువల్ల వచ్చినవే.

చట్టంలో లోపాలూ ఉన్నాయి. డులూత్ చుట్టూ కొరియన్ అంగళ్ళు, చర్చీలు, ఆసుపత్రులు వీధుల నిండా ఉన్నాయి. అయినా గ్విన్నెట్‌కు 2016లో గాని 2021లో గాని కొరియన్ నుడి విధింపు రాలేదు. లెక్క చాలలేదు. అంతకంటె మనకు దగ్గరి లోపం వేరొకటి. ఈ చట్టం మనవారిని నుడినిబట్టి గుర్తించదు. "ఆసియా భారతీయులు" అని ఒకే పెట్టెలో వేస్తుంది. పెట్టె నిండితే, అందులో ఏ నుడి అన్నది కౌంటీ తేల్చుకోవలె. ఇల్లినాయ్‌లోని కుక్ కౌంటీ హిందీ ఎంచుకొన్నది. న్యూయార్క్‌లోని క్వీన్స్ బెంగాలీ ఎంచుకొన్నది. న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ గుజరాతీ ఎంచుకొన్నది. తెలుగువాడు పెట్టె నింపడానికి పనికి వచ్చాడు, చీటీ మీద అక్షరానికి పనికి రాలేదు. ఢిల్లీలో "భారతీయ భాష" అన్నప్పుడెల్లా ఏ భాష అని అర్థం చేసుకోవలెనో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

దీనికి అక్కడి తెలుగువారు చెప్పే సమాధానం, "మాకు ఇంగ్లీషు వచ్చును గదా" అని. మీకు వచ్చును. పిల్లలను పెంచడానికి మీరు పిలిపించుకొన్న మీ తల్లిదండ్రులకు వచ్చునా? యాభై ఏండ్లు నిండి, గ్రీన్‌కార్డు మీద ఇరవై ఏండ్లు ఉన్నవారికి, యాభైయైదు నిండి పదిహేనేండ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేకుండా పౌరసత్వం ఇచ్చే వీలు అక్కడి చట్టంలోనే ఉన్నది. అంటే ఇంగ్లీషు రాని పౌరుడు ఉండవచ్చునని ఆ దేశమే ఒప్పుకొన్నది. ఒప్పుకొన్న తరువాత అతని చేతికి చదవలేని చీటీ ఇవ్వడం ఏ న్యాయం? కాలిఫోర్నియా ఈ ప్రశ్నను కొంత పట్టించుకొన్నది. ఒక పోలింగు పరిధిలోని వయోజన నివాసులలో ఇంగ్లీషు చాలినంత రాని ఒక నుడివారు 3 శాతం ఉంటే ఆ నుడిలో నమూనా ఓటుపత్రం పెట్టవలెనని ఆ రాష్ట్ర చట్టం. అందువల్లనే శాంటాక్లారా కౌంటీలో, అంటే కూపర్టీనో, సన్నీవేల్ ఉన్న చోట, తెలుగులో నమూనా ఓటుపత్రం దొరుకుతున్నది. దాని మీద ఓటు వేయరాదు, చూసుకొని ఇంగ్లీషు పత్రం మీద వేయవలె. అయినా అది ఉన్నది. "అమెరికా తెలుగువాడు తెలుగులో ఓటుపత్రం అడుగుతున్నాడా" అన్నవారికి, అడగని తెలుగువానికి కూడా చట్టం ఇచ్చిన చోటు ఒకటి ఉన్నదని చెప్పండి.

గెలిచిన చోట గీత మార్చే విద్య కూడా గ్విన్నెట్ నేర్పుతుంది. 2018లో ఈ కౌంటీ ప్రధానంగా ఉన్న 7వ కాంగ్రెసు నియోజకవర్గంలో రిపబ్లికన్ రాబ్ వుడాల్ అయిదు వందలకు లోపు ఓట్లతో బయటపడ్డాడు. 2020లో డెమోక్రాట్ కేరలిన్ బోర్డో గెలిచినది. 2021లో రాష్ట్ర శాసనసభ గీతలు మార్చినది. 2013లో సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ తీర్పుతో ముందస్తు అనుమతి నిబంధన పోయిన తరువాత జార్జియా గీసిన మొదటి కాంగ్రెసు పటం అది. పక్క నియోజకవర్గాన్ని రిపబ్లికన్లకు అనుకూలం చేసి డెమోక్రాట్లను 7వ దానిలోకి నెట్టారు. ఇద్దరు డెమోక్రాట్ సభ్యులు ఒకే చోట తలపడి బోర్డో ఓడినది. 2023లో మళ్ళీ మార్చారు. కౌంటీ బోర్డునూ వదలలేదు. 2020 ఎన్నికతో అయిదు స్థానాలూ డెమోక్రాట్ల చేతికి వచ్చి, నికోల్ లవ్ హెండ్రిక్సన్ తొలి నల్లజాతి అధ్యక్షురాలు కాగానే, 2022లో శాసనసభ బోర్డు గీతలనూ మార్చినది. ఆ నవంబరులోనే ఒక స్థానం రిపబ్లికన్లకు పోయినది. బడుల బోర్డు ఎన్నికను పార్టీ గుర్తు లేని ఎన్నికగా మార్చివేశారు. లక్షల మంది కలసి పదేండ్లలో మార్చినదాన్ని ఒక గదిలో కూర్చొని పటం మీద గీత గీసేవారు ఒక సమావేశంలో తగ్గించగలరు. 1956 గీతకు అటూ ఇటూ చీలిన కుటుంబాల నుండి వచ్చిన మనకు ఈ పాఠం పుస్తకంలో చదవనక్కరలేదు.

మన దేశపు ఎన్నికల నియమాలను పక్కన పెట్టి చూడండి. ఓటుపత్రంలోని వివరాలు ఎన్నికల సంఘం ఆదేశించిన భాషలోనో భాషలలోనో ఉండవలెనని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో 30వ నియమం చెప్పుతున్నది. ఎంతమంది ఉంటే ఆదేశించి తీరవలెనో ఆ నియమం చెప్పదు. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుండి తప్పించరాదన్న రాజ్యాంగపు 325వ అధికరణంలో భాష అన్న మాట లేదు. ఫిర్యాదును యూనియనులోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకొనే హక్కును 350వ అధికరణం ఇచ్చినది; బదులు అదే భాషలో ఇవ్వవలెనని మాత్రం అనలేదు. మన చట్టంలో ఖాళీ ఉన్న చోటు ఇది. గ్విన్నెట్ చట్టంలో ఆ ఖాళీలో ఒక అంకె ఉన్నది, అంకె పక్కన "ఇవ్వవలెను" అన్న మాట ఉన్నది.

కనుక రాబోయే ఎన్నికలో మీ గడపకు వచ్చిన అభ్యర్థిని, ఏ పార్టీవాడైనా సరే, "తెలుగువారికి ఏమి చేస్తావు?" అని అడగవద్దు. దానికి వాడి దగ్గర సిద్ధంగా ఒక ఉపన్యాసం ఉంటుంది. "మా తాలూకాలో తెలుగువారు ఎంత శాతం ఉంటే ఓటరు జాబితా, ఓటుపత్రం, పోలింగు సూచన తెలుగులో ఇచ్చి తీరవలెనని చట్టంలో రాయిస్తావు? ఆ అంకె చెప్పు" అని అడగండి. అంకె చెప్పినవాని పేరును, చెప్పిన తేదీని, విన్న ఇద్దరి సంతకాలను ఒక కాగితం మీద రాసి ఉంచండి. సిరోంచలో అయినా, యానాంలో అయినా, కోలారులో అయినా, ఆ కాగితాలు మా సంఘానికి పంపితే మిగిలిన పని న్యాయవాదులది.